‘స్టేటస్ అపార్తే’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: కరీబియన్ దీవి అరూబా 1986 నాటి 25 ఫ్లోరిన్ల వెండి నాణేనికి తెలుగులో ఒక్క వరుస వివరణ కావాలి. సందర్భం ‘స్టేటస్ అపార్తే’, అంటే ఆ ఏడు అరూబాకు దక్కిన కొత్త రాజకీయ హోదా. ‘స్వాతంత్ర్య స్మారక నాణెం’ అనొచ్చా? లేక స్వపరిపాలన, ప్రత్యేక హోదా, ఏది నయం?

జవాబు: స్వాతంత్ర్యం అని మాత్రం రాయకండి. అరూబా స్వతంత్ర దేశం కాలేదు. 1986 జనవరి 1న నెదర్లాండ్స్ యాంటిలీస్ అనే ఆరు దీవుల కూటమి నుంచి విడిపోయి, నెదర్లాండ్స్ రాజ్యంలోనే ఉండిపోయింది. రక్షణ, విదేశాంగం, పౌరసత్వం ఇప్పటికీ రాజ్యం పరిధిలోవే. నాణెం మీద అప్పటి నెదర్లాండ్స్ రాణి బియాట్రిక్స్ ముఖం ఉన్నదీ అందుకే. 1996లో పూర్తి స్వాతంత్ర్యం అని మొదట ఒప్పందం జరిగింది, అరూబాయే ఆపమని కోరడంతో అది ఆగింది.

‘స్వపరిపాలన’ తప్పు కాదు గానీ గురి తప్పుతుంది. అంతర్గత స్వపరిపాలన యాంటిలీస్‌కు నెదర్లాండ్స్ రాజ్యపు 1954 శాసనంతోనే వచ్చింది. 1986లో అరూబా పోరాడి తెచ్చుకున్నది పక్క దీవి కురసావ్‌లోని ఉమ్మడి ప్రభుత్వం కింద ఉండక్కర్లేకపోవడం. ఉమ్మడి కుటుంబంలోంచి వేరు కాపురం పెట్టినట్టు: ఇంటిపేరు అదే, పొయ్యి వేరు. యాంటిలీస్ గిల్డర్‌ను వదిలి సొంత ఫ్లోరిన్ తెచ్చుకున్నదీ ఆ ఏడే. ఈ పోరాటానికి ముందు నిలిచిన బేతికో క్రూస్ 1985 డిసెంబరు 31న కారు ప్రమాదంలో స్పృహ కోల్పోయి, మరి కోలుకోకుండానే 1986 నవంబరులో కన్నుమూశారు.

మరో సభ్యురాలు: ‘ప్రత్యేక హోదా’ మాటకు మాట సరిపోతుంది, అయినా పనికిరాదు. ఆంధ్రప్రదేశ్ పాఠకుడికి ఆ మాట వినగానే 2014 విభజన, కేంద్రం నిధులు, పన్ను రాయితీలు గుర్తొస్తాయి. చిక్కంతా ‘ప్రత్యేక’లో ఉంది. ‘ప్రత్యేక తెలంగాణ’లో దానికి ‘వేరు’ అని అర్థం, ‘ప్రత్యేక హోదా’లో ‘విశేషం’ అని. ‘అపార్తే’కు ఇక్కడ కావలసింది మొదటి అర్థం. ‘ప్రత్యేక ప్రతిపత్తి’ అన్నా 370వ అధికరణమే తలపుకొస్తుంది. నా ఓటు ‘వేరు ప్రతిపత్తి’కి.

ఇంకొకరు: తెలుగు ‘వేరు’కు సంస్కృత ‘ప్రతిపత్తి’ అతికించడం చెవికి ఇబ్బందిగా లేదా అండీ?

సభ్యురాలు: కొత్త కాబట్టి అలా అనిపిస్తుంది. సాంస్కృతికం, ఆచ్ఛికంతో పాటు మిశ్ర సమాసాన్నీ బాలవ్యాకరణం ఒప్పుకుంది. మరీ ఇబ్బందైతే ‘విడి పాలన’ అనండి, కానీ రాజ్యాంగపరమైన బరువు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు: సంతోషం. వెండి వివరం ‘925 వెండి’ అంటే చాలా?

మొదటి జవాబుదారు: నాణేల వాళ్లకు చాలు. మిగతావాళ్లకు ‘వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి’ అనండి. మొత్తం బరువు 25 గ్రాములు, అందులో అసలు వెండి 23.125 గ్రాములు, అంటే పాత లెక్కలో రెండు తులాలకు రవ్వంత తక్కువ. ఈ రెండు బరువులూ కలిపేస్తేనే ధర లెక్క తప్పుతుంది, ‘మొత్తం’, ‘అసలు వెండి’ అని విడివిడిగా రాయండి. ‘మెరుగుపెట్టిన’ అనే మాట వాడొద్దు, తర్వాత ఎవరో రుద్ది తోమారని అర్థమై కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. టంకశాల నుంచే అద్దంలా వచ్చినదైతే ‘ప్రూఫ్ ముద్రణ’ అని ఉంచడమే మేలు.

వరుస ఇలా పెట్టండి: ‘అరూబా, 1986, 25 ఫ్లోరిన్లు, వెండి. నెదర్లాండ్స్ రాజ్యంలో వేరు ప్రతిపత్తి (స్టేటస్ అపార్తే) పొందిన సందర్భంగా విడుదలైన స్మారక నాణెం.’ కుండలీకరణంలో మూలం మాట తీసేయకండి, వెతికేవాళ్లు దాంతోనే వెతుకుతారు.