మతం గడిలో ఏం రాస్తున్నారండీ?

లంక కుర్రోడు: కువైట్‌లో పని కుదిరింది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అప్లికేషన్‌లో మతం అని ఒక గడి ఉంది. పదేళ్లయింది నేను దేవుణ్ణి మానేసి. ఖాళీగా వదిలేస్తే ఏజెంటు ఊరుకోడు. నాస్తికుడని రాస్తే ఏమవుతుంది? ఇంట్లో, ఊళ్లో మీరెలా నెట్టుకొస్తున్నారో కూడా చెప్పండి.

దోహా రిటర్న్: తమ్ముడూ, హిందూ అని రాసి విమానం ఎక్కు. పక్కనే సౌదీలో 2014లో నాస్తిక ప్రచారాన్ని టెర్రరిజంలో కలిపేశారు. ఫోన్‌లో పాత పోస్టులుంటే తీసెయ్. నైజీరియాలో ముబారక్ బాలా అనే ఆయన్ని ఫేస్‌బుక్ రాతలకి 2020లో లోపలేశారు. 2022లో 24 ఏళ్ల శిక్ష. అప్పీలులో అయిదేళ్లకి తగ్గి, 2025లో బయటపడ్డాడు.

బోదె చివరి రైతు: నైజీరియా దాకా ఎందుకండీ. కనుమ నాడు దేవుళ్లని వెదురు ప్రభల మీద మోసుకెళ్తారే, ఆ ప్రభల తీర్థానికి చందా ఇవ్వనన్నాను, బడికైతే ఇస్తానన్నాను. అంతే. దాళ్వా నాట్లకి కూలీలు రాలేదు. అడిగితే "రేపండి" అంటారు. ఎవరో రాత్రికి రాత్రి మా పొలానికి నీళ్లొచ్చే బోదెలో మట్టేశారు. ఒక్కరూ మొహమ్మీద మాట అనలేదు, చెప్పుకుందామన్నా ఎవరి మీద చెప్పను?

కనుమ పిచ్చోడు: ప్రభల తీర్థం భక్తి కాదండీ బాబూ, మన కోనసీమ పండగ! జగ్గన్నతోటకి కౌశిక ఏరు దాటించి ప్రభని మోసుకొస్తుంటే చూశారా ఎప్పుడైనా? నేనూ దణ్ణం పెట్టను. భుజం మాత్రం పెడతా. అయిదొందలు పడేస్తే పోయేదానికి ఇంత గొడవా?

బోదె చివరి రైతు: అయిదొందలెవడు అడిగాడండీ. ఎకరానికింత అని లెక్క కట్టారు.

కనుమ పిచ్చోడు: ఎకరాలున్నాయి కాబట్టేగా మరి.

పేట పిల్లోడు: భుజం పెట్టడం అందరికీ కుదురుతుందనుకుంటున్నారేమో. మా ఊళ్లో మా పేట చందా కావాలి, మా భుజం అక్కర్లేదు. మా ఇంట్లోవాళ్లు చర్చికి వెళ్తారు. నాకు నమ్మకం లేదంటే పాస్టరు గారు వారం రోజులు మా ఇంట్లోనే ప్రార్థన పెట్టారు. నేను రెండు చోట్లా బయటే. పండగ సంగతి నాకు చెప్పకండి.

కనుమ పిచ్చోడు: నేను మీ ఊరి గురించి అన్నానా?

దస్తావేజు తాత: 30 ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, నన్నడగండి. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాడు చట్టం లెక్కలో హిందువే, దణ్ణం పెట్టినా మానినా. తంతు లేకుండా పెళ్లి కావాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం. కానీ ఒక్క సంతకంతో ఉమ్మడి ఆస్తిలోంచి బయటికొచ్చేసినట్టే, జాగ్రత్త.

రిజిస్టర్ పెళ్లికూతురు: తాతగారూ, ఈ మాటే చెప్పి మా మావగారు ఏడాది ఏడిపించారు. 1976లో 21ఎ సెక్షన్ చేర్చారు. ఇద్దరూ హిందువులైతే ఆ వేరుపాటు వర్తించదు. అసలు బాధ పెళ్లికి ముందిచ్చే 30 రోజుల నోటీసండీ. ఆఫీసులో అంటించిన మూడో రోజుకే మా పెదనాన్న వీధి గుమ్మంలో ఉన్నారు.

దస్తావేజు తాత: అమ్మాయ్, సెక్షన్లు నాకు నేర్పకు.

రిజిస్టర్ పెళ్లికూతురు: అయితే 30 ఏళ్లూ తప్పే చెప్పారన్నమాట.

సుద్దముక్క: 2011 జనాభా లెక్కలకి ఇల్లిల్లూ తిరిగాను. నా వంతులో మతం లేదన్నది ఒక్కాయనే. వాళ్లావిడ వెనక నుంచి "హిందూ అని రాసెయ్యండి మాస్టారూ" అని సైగ. దేశం మొత్తమ్మీద మతం చెప్పనివాళ్లు 0.24 శాతం తేలారు. ఇంటికో ఆవిడ ఉంటే అంతే తేలతారు.

రిజిస్టర్ పెళ్లికూతురు: ఆవిడ మీదకి తోసేశారా! ఇంతకీ మీరేం రాశారు మాస్టారూ?

కాకినాడ కాజా: కాకినాడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే గోరా గారిని నాస్తికుడని 1933లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన దాచుకున్నాడా? ఇక్కడ అందరూ కుర్రాడికి దాక్కోమని నేర్పుతున్నారు.

దోహా రిటర్న్: గోరా గారికి ఏజెంటు బాకీ లేదండి.

లంక కుర్రోడు: అందరికీ థాంక్సండి. ఏజెంటు ఆ గడి మొన్నే నింపేశాడట, నన్నడక్కుండానే. మెడికల్ ఎక్కడ చేయిస్తే త్వరగా అవుతుందో ఎవరికైనా తెలుసా?

కనుమ పిచ్చోడు: మెడికల్ సంగతి తెలీదు తమ్ముడూ. రైతు గారూ, ఈ ఏడైనా కలుస్తారా మరి?

బోదె చివరి రైతు: ఎకరానికి కాదు, ఇంటికింత అని చెప్పమనండి. అప్పుడు చూద్దాం.