పేజీలు ముందుకు వెళ్లేకొద్దీ క్వెరీ నెమ్మదిస్తోంది

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆర్డర్ల టేబుల్. స్టోర్ ఐడీతో ఫిల్టర్ చేసి, కొత్త తేదీలు ముందు వచ్చేలా పేజీకి 20 వరుసలు చూపిస్తున్నాం. తేదీ మీద ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికిపెట్టే జాబితా) ఉంది. అయినా ఆఫ్‌సెట్ (మొదట్లో వదిలేసే వరుసల సంఖ్య) 1,00,000 దాటితే చాలా ఆలస్యం. ఏం మార్చాలి?

జవాబు: తేదీ ఒక్కటే చాలదండీ. '=' తో వెతికే కాలమ్ ముందు, సార్ట్ కాలమ్‌లు తర్వాత వచ్చేలా ఒకే ఇండెక్స్ పెట్టండి: (స్టోర్ ఐడీ, తేదీ, ఆర్డర్ ఐడీ). దీన్నే పోస్ట్‌గ్రెస్ వెనక నుంచీ చదవగలదు. ఆర్డర్ బైలో కూడా తేదీ, ఐడీ రెండూ డిసెండింగ్‌లోనే ఉండాలి. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో సార్ట్ స్టెప్ కనబడకూడదు.

మరో జవాబు: ఇండెక్స్ ఉన్నా ఆఫ్‌సెట్ ఆ లక్ష వరుసలూ చదివి పారేస్తుంది. దాన్ని తీసేసి, గత పేజీ చివరి వరుస విలువలు పంపండి: (తేదీ, ఐడీ) < (ఆ తేదీ, ఆ ఐడీ). ఐడీ మాత్రం వదలొద్దు. వదిలితే, ఒకే తేదీ ఉన్న వరుసలు పేజీ మారేచోట జారిపోతాయి.

ప్రశ్న: నేరుగా 500వ పేజీకి వెళ్లాలంటే?

జవాబు: చివరి వరుస విలువలు పంపే పద్ధతిలో కుదరదు. బదులుగా, కావాల్సిన రోజుకి నేరుగా వెళ్లేలా తేదీ ఫిల్టర్ పెట్టండి.