గిటార్ 3వ తీగను కాస్త దించితే ఇ మేజర్ కార్డ్ తియ్యగా మోగుతోంది. అలా శ్రుతి చేయడం సరైనదేనా?

మూడో_తీగ:
ట్యూనర్ పెట్టి ఆరు తీగలూ సరిచేశాక కూడా ఇ మేజర్ (లావు తీగ నుంచి ఫ్రెట్లు 0-2-2-1-0-0, 0 అంటే నొక్కకుండా విడిగా) మీటితే ఎక్కడో పుల్లగా ఉంటోంది. ఆ పులుపంతా 3వ తీగ 1వ ఫ్రెట్ మీదున్న జి షార్ప్‌దే. ఆ తీగను చెవికి నచ్చేదాకా దించితే కార్డ్ తేటపడుతుంది, కానీ వెంటనే సి, జి, ఇ మైనర్ చెడిపోతాయి. మేజర్ థర్డ్ అంటే 4 ఫ్రెట్ల దూరమే కదా, ఇ నుంచి జి షార్ప్‌కి సరిగ్గా నాలుగే. మరి తేడా ఎక్కడొస్తోంది? ట్యూనర్‌ని నమ్మాలా, చెవినా?

సమభాగం:
తేడా ఫ్రెట్లలోనే ఉందండీ. గిటార్‌లో అష్టకాన్ని 12 సమాన భాగాలు చేశారు, ఒక్కో ఫ్రెట్ 100 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత). కాబట్టి 4 ఫ్రెట్ల మేజర్ థర్డ్ 400 సెంట్లు. చెవికి హాయిగా వినిపించే స్వచ్ఛమైన థర్డ్ 5:4 నిష్పత్తి, అంటే 386 సెంట్లు. మీకు పుల్లగా తగులుతున్నది ఆ 14 సెంట్ల ఎక్కువే. ఫిఫ్త్‌లో (7 ఫ్రెట్ల దూరం) ఈ గొడవ దాదాపు లేదు, స్వచ్ఛమైనది 702, ఫ్రెట్ల మీద 700.

ఇప్పుడు 3వ తీగను 14 సెంట్లు దించారనుకోండి. సి కార్డ్‌లో ఆ తీగ విడిగా మోగే జి, సి కి ఫిఫ్త్. అది 686కి పడిపోతుంది. జి కార్డ్‌లో అదే మూలస్వరం, 6వ తీగ 3వ ఫ్రెట్‌లో ఉన్న జి తో అష్టకం తప్పుతుంది. ఇ మైనర్ మరీ ఘోరం: స్వచ్ఛమైన మైనర్ థర్డ్ 316 అయితే ఫ్రెట్లు ఇచ్చేది 300 మాత్రమే, మీరు దాన్ని 286 చేశారు. ఒక కార్డ్ కోసం మూడింటిని బలిపెట్టడం నా దృష్టిలో శ్రుతి చేయడం కాదు. ట్యూనర్ చూపినచోటే వదిలేయండి.

గాంధారం:
"వదిలేయండి" అనడం తేలికే. తంబూరాలో మంద్ర షడ్జం మీటితే దానంతటదే పలికే అంతర గాంధారం ఆ 386 దగ్గరే ఉంటుంది. దానికి అలవాటుపడ్డ చెవికి 400 తప్పుగానే తోస్తుంది, అది చెవి లోపం కాదు. 4వ తీగ 2వ ఫ్రెట్‌నీ, 3వ తీగ 1వ ఫ్రెట్‌నీ మాత్రమే కలిపి మీటి, మోగనివ్వండి. పైన సన్నగా ఒక ఊగు వినిపిస్తుంది, సెకనుకు ఆరేడు సార్లు. కింది ఇ తాలూకు 5వ హార్మోనిక్ (దానితోపాటే 5 రెట్ల వేగంతో పలికే ఉపస్వరం) 824 హెర్ట్జ్, జి షార్ప్ తాలూకు 4వది దాదాపు 831, ఆ రెండూ కలవక పుట్టే బీట్స్ అవి. డిస్టార్షన్ పెంచితే ఆ ఊగు గరగరగా మారుతుంది. డిస్టార్షన్‌లో థర్డ్ తీసేసి పవర్ కార్డ్ వాయించడానికి ఇదొక పెద్ద కారణం.

పాట మొత్తం ఇ కీలో (ఇ ఆధారస్వరంగా) ఉంటే, రికార్డింగ్‌లో ఆ తీగ దించుకుని వాయిస్తే తప్పేంటి?

సమభాగం:
ఇ కీలోనే చూద్దాం. ఆ కీలో ఎ కార్డ్ రాక మానదు. x-0-2-2-2-0 (x అంటే మీటని తీగ) లో 3వ తీగ 2వ ఫ్రెట్ మీద ఏముంది? ఎ, మూలస్వరం! 5వ తీగ విడిగా మోగే ఎ తో అది 14 సెంట్లు కిందికి జారి అష్టకమే తప్పుతుంది. థర్డ్ కాస్త అటూ ఇటూ అయితే చెవి క్షమిస్తుంది, అష్టకం తప్పితే మాత్రం అస్సలు క్షమించదు.

గాంధారం:
ఆ ఎ ని ఓపెన్‌లో పట్టుకోవాలని ఎవరన్నారు? ఇ ఆకారాన్నే బారె చేసి (చూపుడు వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి) 5వ ఫ్రెట్‌లో వేయండి, 5-7-7-6-5-5. ఈ ఆకారాన్ని మెడ మీద ఎక్కడ పెట్టినా 3వ తీగకు థర్డే వస్తుంది, బి కోసం 7వ ఫ్రెట్‌కి వెళ్లినా అంతే. దించిన తీగ మూడు కార్డుల్లోనూ ఉపకారమే చేస్తుంది. మైనర్ కార్డ్ వచ్చిందా, కథ ముగిసినట్టే, అది ఒప్పుకుంటాను.

నట్_రిపేరు:
ఇద్దరూ 14 సెంట్ల దగ్గరే ఆగిపోయారు. మూడో_తీగ గారి గిటార్‌లో తేడా 14 మాత్రమేనని ఎలా తెలుసు? ముందు కొలవండి. 3వ తీగను విడిగా మీటి ట్యూనర్‌లో సున్నాకు తెచ్చి, 1వ ఫ్రెట్ మామూలుగా నొక్కి చూడండి. అక్కడ ప్లస్ 8, ప్లస్ 10 చూపిస్తే నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడి ఎత్తుగా ఉన్నట్టు. అప్పుడు మీ థర్డ్ 400 కాదు, 410. పులుపు ఎక్కువవక ఏమవుతుంది?

ఇంకో పరీక్ష: తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టి 1వ ఫ్రెట్ మీద ఖాళీ చూడండి. సన్నటి కాగితం దూరేంత ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువైతే ఆ తీగ మందానికి సరిపడే ఫైలుతో గాడిని తగ్గించాలి, వాలు ట్యూనింగ్ కీల వైపు ఉండాలి. రెండు మూడు సార్లు రుద్ది, తీగ వేసి, మళ్లీ కొలవాలి. ఒక్కసారిగా లోతు చేస్తే తీగ విడిగా మీటినప్పుడు 1వ ఫ్రెట్‌కి తగిలి జరజరమంటుంది, ఇక గాడి పూడ్చడమో నట్ మార్చడమో తప్పదు.

నట్ బాగుంటే వేళ్లు చూసుకోండి. 1వ ఫ్రెట్ దగ్గర గట్టిగా నొక్కినా, చూపుడు వేలు తీగను పక్కకు లాగినా స్వరం పెరుగుతుంది. ఎలక్ట్రిక్‌లో పైన సన్న తీగ చుట్టి ఉండని 3వ తీగ ఈ విషయంలో అన్నిటికన్నా మొండిది. ఫ్రెట్‌కి ఆనుకుని, మోగడానికి ఎంత కావాలో అంతే నొక్కండి.

హార్మోనిక్:
ట్యూనర్ లేకుండా 5వ, 7వ ఫ్రెట్ హార్మోనిక్స్‌తో (అక్కడ తీగను నొక్కకుండా తాకి మీటితే పలికే స్వరాలు) శ్రుతి చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 6వ తీగ నుంచి 3వ తీగ దాకా అలా మూడు మెట్లు ఎక్కితే మెట్టుకు 2 సెంట్ల చొప్పున జి 6 సెంట్లు కిందికి దిగుతుంది. 2వ తీగను 6వ తీగ 7వ ఫ్రెట్ హార్మోనిక్‌తో కలిపితే బి 2 సెంట్లు పైకి పోతుంది. జి, బి ల మధ్య థర్డ్ 408 అయి కూర్చుంటుంది. బీట్స్ లేకుండా జాగ్రత్తగా కలిపినకొద్దీ జి కార్డ్ చెడుతుంది!

3వ తీగ 4వ ఫ్రెట్ హార్మోనిక్ మాత్రం స్వచ్ఛమైన థర్డ్ ఎలా ఉంటుందో వినడానికి మంచిది. ఫ్రెట్ కడ్డీ మీద కాదు, నట్ వైపు కొద్దిగా జరిగి తాకాలి. 648 మిల్లీమీటర్ల స్కేల్‌లో ఆ చోటు నట్ నుంచి 130 దగ్గర, కడ్డీ 134 దగ్గర. వినండి, కానీ దానితో 2వ తీగను కలపకండి, బి 14 సెంట్లు పడిపోతుంది.

సమభాగం:
నట్ సంగతి ముందే చెప్పాల్సింది, ఒప్పుకుంటున్నా. కొలిచాక కూడా పులుపు భరించలేకపోతే 3వ తీగను 3, 4 సెంట్లు దించండి, అంతకు మించొద్దు. డి కార్డ్‌లో దాని 2వ ఫ్రెట్‌ను ఒక పిసరు గట్టిగా నొక్కితే ఆ లోటు పూడుతుంది. విడిగా మోగే జి ని మాత్రం వేలితో సరిచేయలేం.

గాంధారం:
4 దించితే ఇ మేజర్‌లో ఇంకా 10 మిగిలే ఉంటాయి. స్టేజీ మీద సరే. రికార్డింగ్‌లో బారె మేజర్ కార్డులే ఉన్న ట్రాక్‌కి నేను 14 దించమనే అంటాను. ఆ ట్రాక్ అయ్యాక తీగను మళ్లీ పైకి తెచ్చుకోవడం ఎంతసేపు?

నట్_రిపేరు:
దించేటప్పుడు ఇద్దరూ ఒకటి గుర్తుపెట్టుకోండి. కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ దించి, కింది నుంచి పైకి తెస్తూ ఆపాలి. పై నుంచి దించి ఆపితే గాడిలో ఇరుక్కున్న బిగువు రెండు స్ట్రమ్ములకే జారిపోయి, 4 అనుకున్నది 9 అవుతుంది.