మూడు కాళ్ల దుప్పిని పట్టి వైద్యం చేయించాలా, అడవికే వదిలేయాలా?

తాడ్వాయి బాట: మా చేను అవతల ఒక ఆడ దుప్పి రెండేళ్లుగా కనిపిస్తోంది. వెనక ఎడమ కాలు సగం లేదు, ఉచ్చులో తెగింది. తెగిన చోట నల్లగా, డెక్కలాగా గట్టిపడిపోయింది. మందతోనే మేస్తుంది, పోయిన వానాకాలం పిల్లను కూడా వెంటేసుకుని తిరిగింది. ఊళ్లో పిల్లలు వల వేసి పట్టి డాక్టరుకు చూపిద్దామంటే వద్దన్నాను. తప్పా?

నర్సంపేట రైతు: తప్పే అన్నా. కుక్కలు తరిమితే మా బావిలో ఒక దుప్పి పడింది. పైకి తీసి, కాళ్లు కట్టి ట్రాలీలో తీసుకుపోయాం. ఆసుపత్రి దగ్గర మూడు గంటలు కూర్చోబెట్టారు. నా చెయ్యి దాని పక్కటెముకల మీదే ఉంది, గుండె దడదడ కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. అప్పుడే చూసుంటే బతికేది.

పశువుల డాక్టర్: గాయం కంటే పట్టుకోవడమే ప్రమాదం. తరిమి, కట్టేస్తే భయానికి కండరాలు దెబ్బతింటాయి, ఆ వ్యర్థాలు రక్తంలో చేరి కిడ్నీలు పాడవుతాయి. క్యాప్చర్ మయోపతి అంటాం. లేచి నిలబడ్డదే కొన్ని రోజుల తర్వాత చనిపోవచ్చు. విరిగిన ఎముక కట్టు లేకుండానే వంకరగా అతుక్కున్న జింకలు అడవిలో ఉంటాయి. పుండుకు పురుగు పడితే వేరే సంగతి, అప్పుడు ఫారెస్టు వాళ్లకు చెప్పాలి.

పాఖాల: మా వైపు ఒక పోతుకు కుడి వెనక కాలు కుంటి, ఎడమ కొమ్ము గిడసబారింది. ఎటు దెబ్బైతే అటే చెడాలి కదా?

పశువుల డాక్టర్: వెనక కాలికి దెబ్బైతే ఎక్కువగా అవతలి వైపు కొమ్మే చెడుతుంది.

పాఖాల: నమ్మబుద్ధి కావట్లేదు సార్.

నర్సంపేట రైతు: ఆడదానికి కొమ్ములెక్కడివి, విషయానికి రండి. అంటే మేమే చంపామంటారా?

తాడ్వాయి బాట: కాళ్లు కట్టి ట్రాలీలో ఎగిరెగిరి పడేలా తీసుకుపోతే ఏం బతుకుతుంది తమ్మీ?

నర్సంపేట రైతు: బావిలో కుళ్లిపోనియ్యాల్నా? మేం చేతనైంది చేశాం. నువ్వు రెండేళ్లు చూస్తూ కూర్చున్నావు. ఆ ఉచ్చు ఎవరు పెట్టారో చెప్పు ముందు.

తాడ్వాయి బాట: తెలుసు. మా పాలోడే. పందులు మక్క చేను తొక్కుతున్నాయని బండి క్లచ్ వైరుతో పెట్టాడు. చెబితే 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం కింద కేసు, వాడికి ఇద్దరు ఆడపిల్లలు.

నర్సంపేట రైతు: అదీ సంగతి. నువ్వు వదిలేయమంటున్నది దుప్పిని కాదు, వాణ్ణి. అది బతికింది కాబట్టి నీకు నిద్ర పడుతోంది. అదే తీగలో చచ్చినవాటిని ఎవరు చూశారు?

పాఖాల: నిజమే, బతికిందే మన కంటికి కనబడుతుంది.

తాడ్వాయి బాట: ఆ మాట గుచ్చుకుంది. రేపు పొద్దున వాణ్ణే వెంటబెట్టుకుని గట్లన్నీ తిరిగి ఉచ్చులు పీకిస్తా. కేసు మాత్రం నా చేత కాదు. దుప్పిని ఎవరినీ పట్టనియ్యను.

నర్సంపేట రైతు: పీకిన తీగల ఫొటో పెట్టు. ఎన్నో లెక్కపెట్టి పెట్టు.