ఒంటి సంగతులు ఆడపిల్లకు ఎవరు చెప్పాలి: ఇంటి ఆడవాళ్లా, డాక్టరా?

వెన్నెల: పెద్దమనిషి అవడం, కాన్పు, పాలివ్వడం, చివరికి ముట్లు ఆగిపోవడం. వీటి గురించి అమ్మ, అమ్మమ్మ చెప్పేదే అసలు చదువని మా స్నేహితుల్లో కొందరంటారు. ఆ మాటల్లో సగం భయాలే, డాక్టరును అడిగితే చాలని మిగతావాళ్ల వాదన. మీరేమంటారు?

తొలిపొద్దు: నా ఓటు అమ్మమ్మకే. బిడ్డ రొమ్ము పట్టనప్పుడు అర్ధరాత్రి పక్కన కూర్చుని, బిడ్డను ఎలా ఒరిగించాలో, నోరు ఎంత తెరిచాక అందించాలో చూపించేది ఇంట్లో మనిషే. అది చదివితే వచ్చేది కాదు. ముట్లు ఆగాక కూడా ఆడవాళ్లు ఇన్నేళ్లు ఎందుకు బతుకుతారన్నదానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి కూడా అమ్మమ్మల సాయమే. టాంజానియాలో వేట, అడవి తిండి మీద బతికే హడ్జా ప్రజల్లో పెద్దవయసు ఆడవాళ్లు దుంపలు తవ్వి మనవలకు పెట్టడం చూశాక, మానవశాస్త్రవేత్త క్రిస్టెన్ హాక్స్ బృందం ఈ వాదనను ముందుకు తెచ్చింది.

సూదిమొన: తొలిపొద్దు గారూ, అమ్మమ్మల సాయం కాదనను. కానీ ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించింది కూడా ఆ పెద్దవాళ్లే. చాలా సమాజాల్లో ఇది జరిగింది. ఆ పాలలో బిడ్డను జబ్బుల నుంచి కాపాడే యాంటీబాడీలు దండిగా ఉంటాయి. పుట్టిన గంటలోపే పాలు పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక నెలసరి నొప్పి సంగతి. పిల్లల్ని కనే వయసులో సుమారు 10 శాతం మంది ఆడవాళ్లకు ఎండోమెట్రియోసిస్ ఉంటుంది, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగి నొప్పి పెట్టే జబ్బు. అది బయటపడటానికి ఏళ్లు పడుతోంది. "అందరికీ ఉండేదే, ఓర్చుకో" అన్న మాటకు అందులో వాటా లేదా?

నిదానం: ఉంది. అయితే అమ్మ తనకు ఏం జరిగిందో చెప్పడం వేరు, నువ్వేం చేయాలో తీర్పు ఇవ్వడం వేరు. మొదటిది ఏ డాక్టరు దగ్గరా దొరకదు. అమ్మకు ముట్లు ఏ వయసులో ఆగాయో తెలిస్తే కూతురికి ఎప్పుడు ఆగొచ్చో కొంత ఊహించవచ్చు. ఎక్కువమందికి 45, 55 ఏళ్ల మధ్య ఆగుతాయి. అమ్మకు 40 లోపే ఆగిపోయి ఉంటే, పిల్లల్ని తర్వాత కందాంలే అనుకుంటున్న కూతురికి ఆ సంగతి ముందే తెలియాలి కదా! గర్భంతో ఉన్నప్పుడు అమ్మకు బీపీ పెరిగిందా అని డాక్టర్లు అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మెనోపాజ్ చుట్టూ ఉన్న మౌనం. తొలి ముట్టు గురించి ఏదో ఒకటి చెప్పే ఇళ్లలో కూడా ఆఖరి ముట్టు గురించి ఎవరూ మాట్లాడరు. వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఊరికే వచ్చే కోపం కొందరికి ఏడేళ్లు దాటినా పోవు. మా అమ్మ ఆ ఏళ్లన్నీ నోరు విప్పకుండా గడిపింది. నా వంతు వచ్చేసరికి గుండెజబ్బేమోనని టెన్షన్ పడ్డాను. కాన్పు తర్వాత వచ్చే దిగులు కూడా అంతే, వారాల తరబడి పోకపోతే అది వైద్యం చేయాల్సిన జబ్బు.

సూదిమొన: జరిగింది చెప్పడం, తీర్పు ఇవ్వడం, ఆ రెండూ ఇంట్లో విడివిడిగా రావండీ. "నాకూ అలాగే అయింది" అన్నప్పుడే "కాబట్టి ఏం కాదు" కూడా అందులో కలిసి వస్తుంది.

నిదానం: నిజమే. అందుకే హద్దులు కూడా చెప్పాలి. గంటకో ప్యాడ్ మార్చాల్సి రావడం, రక్తస్రావం ఏడు రోజులు దాటడం, బడి మానేసేంత నొప్పి, 15 ఏళ్లు నిండినా ముట్లు మొదలవకపోవడం, ముట్లు ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనబడటం. వీటిలో ఏదొచ్చినా ఇంట్లో ఎవరికి ఏమైందన్నది ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒకనాన్న: మా పాపకు పదేళ్లు. వాళ్లమ్మ లేదు. నేనేం చేయాలి?

తొలిపొద్దు: మీరే చెప్పండి, అన్నా. రక్తం చూసి భయపడకముందే చెప్పాలి. రొమ్ములు రావడం మొదలైన రెండు, మూడేళ్లకు సాధారణంగా తొలి ముట్టు వస్తుంది, కాబట్టి ఇదే సమయం. మొదట్లో ఒకట్రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయని కూడా చెప్పండి. వాళ్లమ్మ వైపు అమ్మమ్మో, పెద్దమ్మో, పిన్నో ఉంటే, ఎవరికి ఏ వయసులో మొదలైంది, కాన్పుల్లో ఏ ఇబ్బంది వచ్చింది, ముట్లు ఎప్పుడు ఆగాయి అని అడిగి రాసిపెట్టండి. అడగడానికి మొహమాటపడకండి, పాప కోసమే కదా.