క్లాసులో తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైను: ఇలా ఇంగ్లీషు వస్తుందా?

కొత్తపేట_అమ్మ:
మా బాబు ఏడో తరగతి, ఇక్కడే ఒక ప్రైవేటు స్కూలు. ఈ ఏడాది రోజూ ఒక పీరియడ్ ‘స్పోకెన్’ అని పెట్టారు. ఒక్కొక్కరూ బోర్డు దగ్గరికి వెళ్లి రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. ఆ పీరియడ్‌లో తెలుగు ముక్క దొర్లితే పది రూపాయలు ఫైను. పోయిన నెల నలభై కట్టాం. డబ్బు కాదు నా బాధ. ఆదివారం రాత్రి పదకొండింటిదాకా కూర్చుని ‘మై హాబీ ఈజ్ గార్డెనింగ్’ అని బట్టీ పట్టాడు. మాకున్నది బాల్కనీలో ఒక్క తులసి కుండీ. దానికీ నీళ్లు నేనే పోస్తాను. ఇది చదువేనా?

కోడ్_కూలీ:
నలభై రూపాయలకేనా అక్కా ఇంత బాధ? రేపు అమీర్‌పేటలో వేలు పోసి నేర్చుకునేది ఇప్పుడే వస్తోంది. నేను పదిదాకా తెలుగు మీడియం. బీటెక్‌లో క్యాంపస్ సెలెక్షన్లకు గ్రూప్ డిస్కషన్ పెట్టారు, పన్నెండు మందిమి. చెప్పాల్సింది నా దగ్గర ఉంది, కాకపోతే తెలుగులో ఉంది. ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు వాళ్లు మూడు పాయింట్లు దాటేశారు. పావుగంటలో నేనన్నది ఒక్కటే, ‘యా, ఐ అగ్రీ’. రాత పరీక్షలో నా వెనకున్నవాడికి ఉద్యోగం వచ్చింది. ఫైను ఇరవై చేయమనండి.

జర_ఆగు:
నలభై అంటే నెల మొత్తంల నాలుగు సార్లే తెలుగు మాట్లాడిండా? పోరడు హుషారున్నడు.

రిటైర్డ్_మాస్టారు:
ఫైను సంగతి తర్వాత. ముందు లెక్క చూడమ్మా. క్లాసులో యాభై మంది, పీరియడ్ నలభై నిమిషాలు అనుకుందాం. లేచి రావడాలు, చప్పట్లు పోను రోజుకు పదిహేను మంది. మీవాడి వంతు నాలుగు రోజులకోసారి. ఆ నాలుగు పీరియడ్లలో రెండు నిమిషాలు మాట, నూట యాభై ఎనిమిది నిమిషాలు చేతులు కట్టుకోవడం.

కోడ్_కూలీ:
వినడం కూడా నేర్చుకోవడమే సార్.

రిటైర్డ్_మాస్టారు:
ఏం వింటారు? నలభై తొమ్మిది మంది గార్డెనింగా? ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఒకడికి మెట్రో మ్యాపు ఇవ్వండి. రెండోవాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి ఎలా వెళ్లాలో ఇంగ్లీషులో అడుగుతాడు. అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కాలని వీడు చెప్పాలి. తెలియక అడగాలి, తెలిసి చెప్పాలి. బట్టీకి చోటు లేదు. అయిదు నిమిషాల్లో యాభై మందీ నోరు విప్పుతారు.

కోడ్_కూలీ:
అయిదు నిమిషాలు తెలుగులో సినిమా కబుర్లు చెప్పుకుంటారు. పాతిక జంటలను ఒక్క టీచర్ ఎలా వింటారు? ఇప్పుడు నేను లెక్క అడుగుతున్నా.

ల్యాబ్_మేడమ్:
ఇంజనీరింగ్ ఫస్టియర్‌కి చెప్తాను. ఇంగ్లీషు ల్యాబులో ‘జస్ట్ ఎ మినిట్’ (ఇచ్చిన విషయం మీద ఆగకుండా ఒక నిమిషం మాట్లాడటం), రోల్ ప్లే ఉంటాయి. తెలంగాణ ఇంటర్‌లోనూ 2023-24 నుంచి ఇంగ్లీషుకి 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు, కాబట్టి స్కూళ్ల తొందర అర్థమవుతుంది. కానీ మాట్లాడించడమంటే గ్రామరు తప్పులు పట్టడం కాదు. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదట్లో పడుతుంది, ‘ఫొటోగ్రఫీ’లో రెండో చోట. తెలుగులో అన్ని అక్షరాలనూ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. అదే అలవాటుతో ఇంగ్లీషు మాట్లాడితే వాక్యం తప్పులేకపోయినా ఎదుటివాడు ‘పార్డన్?’ అంటాడు. పిల్ల అక్కడితో ఆగిపోతుంది.

జర_ఆగు:
ఫోటోగ్రఫీ ముచ్చట తర్వాత మేడమ్, ఫైను ఉండాల్నా వద్దా?

కోడ్_కూలీ:
ఉండాలి. మాస్టారూ, మీరు జిల్లా పరిషత్ బడుల్లో 28 ఏళ్లు చెప్పానని పోయిన నెల ఇక్కడే రాశారు. ఆ 28 ఏళ్లలో మీ క్లాసులో ఎంతమంది నోరు తెరిచారు? మీలాంటి వాళ్ల దగ్గర చదివే నేను ‘యా, ఐ అగ్రీ’ దగ్గర ఆగాను.

రిటైర్డ్_మాస్టారు:
ఎవరూ తెరవలేదు బాబూ. నేనూ తెరవలేదు. యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ నిద్రలో లేపినా చెప్తాను. ఒకసారి సీఫెల్‌కి, అదే హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ అయిన ఇప్పటి ఇఫ్లూకి, ట్రైనింగుకు పంపారు. గేటు లోపల ఒకాయన ఎదురై ‘హౌ వాజ్ యువర్ జర్నీ?’ అన్నారు. ‘ఎస్ సర్’ అన్నాను. పక్కన మా వాళ్లే ఇద్దరు నవ్వారు. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. తర్వాత క్లాసులో ఎన్నడూ ఇంగ్లీషులో మాట్లాడలేదు, పుస్తకం చదివి తెలుగులో అర్థం చెప్పి కానిచ్చాను. పిల్లలు రివర్సులో ఏమైనా అడిగితే ఎలా అన్న భయం. అందుకే ఫైను మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ల్యాబ్_మేడమ్:
సార్ 🙏

కోడ్_కూలీ:
సారీ సార్. ఆ రోజు గ్రూప్ డిస్కషన్‌లో నా పక్కవాడూ నవ్వాడు. వాడి చొక్కా రంగు కూడా గుర్తుంది. కానీ మనిద్దరం ఒకే దెబ్బ తిని చెరో దారి పట్టాం. నవ్వించుకోకుండా ఉండాలంటే చిన్నప్పుడే బలవంతంగానైనా నోరు తెరిపించాలి. ఫైను తీసేస్తే పిల్లలు మళ్లీ మనలాగే తయారవుతారు.

రిటైర్డ్_మాస్టారు:
ఫైను పెట్టినా మనలాగే అవుతారు. కాకపోతే డబ్బు కట్టి.

కొత్తపేట_అమ్మ:
ఒక మాట దాచాను. పేరెంట్స్ మీటింగులో ఈ ఫైను గురించి అడుగుదామనే వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు మొత్తం ఇంగ్లీషులోనే మాట్లాడారు. ముందు వరసలో వాళ్లు టకటకా అడుగుతున్నారు. నేను ‘థాంక్యూ మేడమ్’ అని వచ్చేశాను. మావాడు పక్కనే ఉన్నాడు, అన్నీ చూశాడు. వాడు నాలా కాకూడదు, అందుకే స్కూలు మార్చలేను. వాడికి ఆ ఆదివారం రాత్రీ వద్దు. శనివారం మళ్లీ మీటింగు ఉంది. ‘ఫైను ఎందుకు’ అని మర్యాదగా ఎలా అడగాలి?

కోడ్_కూలీ:
‘వై ఆర్ యూ కలెక్టింగ్ ఫైన్?’ అనండి అక్కా, భయమెందుకు.

ల్యాబ్_మేడమ్:
అది పోట్లాటలా ఉంటుంది. ‘కుడ్ యూ ప్లీజ్ టెల్ మీ’ అని మొదలుపెట్టి ‘వై దేర్ ఈజ్ ఎ ఫైన్’ అనండి. ‘టెల్ మీ’ తర్వాత ‘ఈజ్ దేర్’ కాదు, ‘దేర్ ఈజ్’.

రిటైర్డ్_మాస్టారు:
తెలుగులోనే అడగమ్మా.

జర_ఆగు:
అక్కా, సార్ మాట ఇంటే పది రూపాయలు చిల్లర పట్టుకపోండ్రి.