రెండు మ్యాచ్‌లు ఆడిన కుర్రాడి పేరు స్టేడియానికి ఉండాలా?

ఏమ్స్_నాన్న:
మా వాడు ఈ ఏడాది అమెరికాలో అయొవా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. మొన్న శనివారం వాడితో కలిసి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాను (మన బంతాట కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది). స్టేడియం పేరు జాక్ ట్రైస్. ఎవరీయన అని చదివితే తెలిసింది, ఆ కాలేజీలో మొదటి నల్లజాతి ఆటగాడట. 1923 అక్టోబర్ 6న మిన్నెసోటా యూనివర్సిటీతో మ్యాచ్. మొదట్లోనే మెడ దగ్గరి ఎముక విరిగినా ఆడుతూనే ఉన్నాడు. తర్వాత కింద పడితే ముగ్గురు తొక్కేశారు. ప్రయాణానికి ఫర్వాలేదని అక్కడి డాక్టర్లు చెప్తే రైల్లో గడ్డి పరుపు మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. 8న పోయాడు, 21 ఏళ్లకే. వింటే కడుపు తరుక్కుపోతుంది, కాదనను. కానీ కాలేజీ ప్రధాన టీమ్‌లో ఆడింది రెండు మ్యాచ్‌లు. ఏళ్ల తరబడి ఆడి కాలేజీకి పేరు తెచ్చినవాళ్లు ఉండగా ఆ పేరే ఎందుకు? ఇది గౌరవమా, ప్రాయశ్చిత్తమా?

నల్లమల_గాలి:
అన్నా, ఆ మ్యాచ్‌కి ముందు రోజు రాత్రి హోటల్ కాగితం మీద అతను రాసుకున్నది చదివారా? అంత్యక్రియలప్పుడు కోటు జేబులో దొరికింది. జాతి పరువు, ఇంటి పరువు, తన పరువు రేపటి ఆట మీదే ఉన్నాయని మొదలుపెట్టాడు. కింద మాత్రం అంతా పనికొచ్చే మాటలే. వంగి ఆడాలి, కళ్లు తెరిచి ఉంచాలి, రోల్ బ్లాక్ చేయాలి. రోల్ బ్లాక్ అంటే దూసుకొచ్చేవాళ్ల కాళ్లకు అడ్డంగా దొర్లడం. మర్నాడు అది చేయబోయి కాళ్ల కింద పడ్డాడు. చదివింది పశుపోషణ. చదువయ్యాక దక్షిణాదికి వెళ్లి నల్లజాతి రైతులకు సాయం చేద్దామనుకున్నాడు. ఆడిన మ్యాచ్‌లు లెక్కపెట్టి తూచే మనిషా?

చింతచెట్టు_కింద:
చచ్చినవాడి కళ్లు చారెడేసి. పోయినవాళ్లకి పేరు పెట్టడం చవక, బతికున్నవాళ్లకి డబ్బివ్వడం ఖరీదు. తమకు డబ్బు రానివ్వలేదని కాలేజీ ఆటల సంఘం మీద ఆటగాళ్లు కేసు వేస్తే, 2025లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్‌లో పాత ఆటగాళ్లకు 280 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. ఎవరికి? 2016 నుంచి ఆడినవాళ్లకి. అంతకుముందు మోకాళ్లు అరగదీసుకున్నవాళ్లకి సున్నా. వాళ్లకి హాఫ్‌టైమ్‌లో చప్పట్లు, ఒక జ్ఞాపిక. ఇంకో మాట. మేటి ఆటగాళ్లను గౌరవించే అట్లాంటాలోని కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రావాలంటే దేశం మొత్తం మీద ఎంచే ఆల్ అమెరికన్ మొదటి జట్టులో ఉండి తీరాలి. ఆ లెక్కన ట్రైస్‌కి గుమ్మం కూడా దాటనివ్వరు.

కోనసీమ_కుర్రోడు:
గురువుగారూ, చవక అంటున్నారు గానీ ఈ పేరు కాలేజీ ఊరికే ఇచ్చింది కాదు. కొత్త స్టేడియం 1975లో తెరిచారు. అంతకుముందు నుంచే విద్యార్థులు ఈ పేరు అడుగుతున్నారు. 1984లో స్టేడియానికి ‘సైక్లోన్’ అని, లోపలి మైదానానికి మాత్రం ట్రైస్ అని పెట్టి చేతులు దులుపుకున్నారు. విద్యార్థులు డబ్బులు పోగేసి 1988లో విగ్రహం పెట్టించారు. 1997లో గానీ మొత్తానికి ఆ పేరు రాలేదు. మన విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో మారి 2024లో మళ్లీ వెనక్కి వచ్చింది. దాంతో పోల్చుకోండి.

ఓపిక_లేదు:
రూల్స్ గురించి మాట్లాడితే నవ్వొస్తుంది. రెజీ బుష్ అనే ఆటగాడికి 2005లో హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది, ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికి ఇచ్చేది. కాలేజీలో ఆడేవాళ్లు డబ్బులు తీసుకోకూడదన్న రూల్ ఉండగా తీసుకున్నాడన్న గొడవలో 2010లో పోయింది. రూల్ మారి 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద దర్జాగా సంపాదించుకుంటున్నారు. దాంతో 2024లో ట్రోఫీ తిరిగిచ్చేశారు. మనిషి అదే, ఆట అదే.

చింతచెట్టు_కింద:
నేనన్నదీ అదేగా. వాళ్లకి వీలైనప్పుడు గౌరవిస్తారు.

ఏమ్స్_నాన్న:
విద్యార్థులు అన్నేళ్లు పట్టుబట్టారని నాకు తెలియదు. ప్రాయశ్చిత్తం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే పాత ఆటగాళ్లకి డబ్బివ్వకపోవడం గురించి చింతచెట్టు గారు అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. అన్నట్టు 2023లో ట్రైస్‌కి డిగ్రీ కూడా ఇచ్చారట, నూరేళ్లకి. కోర్సులన్నీ పూర్తి చేశాడా అని ఈసారి అడగనులెండి.